బండి పాతది, బిల్లు కొత్తది



పన్నెండు పదమూడేళ్లు తిరిగిన బెంజ్ ఈ-క్లాస్ ఇవాళ హైదరాబాదులో పది లక్షలకు అటూ ఇటూగా దొరుకుతున్నది. బీఎండబ్ల్యూ 320డీ కూడా దాదాపు అదే ధర. ఆడీ ఏ4 అయితే ఇంకా తక్కువకే ఇస్తారు. అవే పైసలు పట్టుకుని షోరూముకు పోతే ఒక మామూలు కొత్త కారు వస్తుంది. భీమ్‌గల్ బస్టాండు ముందర ఈ రెండు రకాల బండ్లూ పక్కపక్కన ఆపితే జనం దేని చుట్టూ చేరుతారో వేరే చెప్పాలా? కొనేవాళ్ల మనసు కూడా అటే గుంజుతుంది.

ఆ కోరికను నేను తప్పుపట్టను. మన నిజామాబాద్ దిక్కు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లలో ఎంతోమంది అక్కడ ఇంటి డ్రైవర్లుగా పనిచేశారు. ఏళ్లకేళ్లు కఫీల్, అంటే పని ఇచ్చిన యజమాని, బండిని తుడిచి, తోలి, అతని పిల్లలను బడికి దింపి వచ్చిన మనిషి, సొంతూళ్లో తన ఇంటివాళ్లను అలాంటి బండిలో కూర్చోబెట్టుకుని లింబాద్రి గుట్ట గుడికి పోవాలనుకుంటే అందులో తప్పేముంది? పసుపు రైతుకూ అంతే. కొన్నేళ్లు క్వింటాకు ఐదారు వేల దగ్గరే ఆగిపోయిన పసుపు, 2024 మార్చిలో నిజామాబాద్ మార్కెట్ యార్డులో 15 వేలు దాటి పలికింది. అలాంటి ఏడు చేతికి నాలుగు పైసలు వస్తే, ఇంట్లో పిల్లలు ముందుగా అడిగేది బండే. కొనొద్దని చెప్పడానికి నేను రాలేదు. కొన్నాక ఏమేం పాడవుతాయో, ఒక్కోదానికి ఎంతవుతుందో లెక్క తెలిసి కొనండి అని చెప్పడానికి వచ్చాను.

మొట్టమొదట తెలుసుకోవలసింది ఇది. ఏళ్లు గడిచేకొద్దీ బండి ధర తగ్గుతుంది, దాని సామాను ధర తగ్గదు. ఈ-క్లాస్‌లో కొత్త తరం బండి మన దేశంలో 2024 అక్టోబరులో విడుదలైంది. అప్పుడు షోరూము ధరే 78 లక్షల 50 వేల దగ్గర మొదలైంది. పాత ఈ-క్లాస్‌కు వేసే కంప్రెసరు, ఇంజెక్టరు, హెడ్‌లైటు కూడా ఆ తరగతి బండ్ల సామానే. విదేశాల నుంచి రావాలి, దిగుమతి సుంకం కట్టాలి, పైగా మన దేశంలో అలాంటి బండ్లు తక్కువ కాబట్టి వేలకొద్దీ తయారుచేసి చవగ్గా అమ్మేవాళ్లు ఉండరు. కొనేరోజు అది పది లక్షల బండి. షెడ్డుకు పోయిన రోజు అది మళ్లీ డెబ్బై ఎనభై లక్షల బండి అయిపోతుంది.

ఈ ఖర్చులను ఊరికే లక్షల్లో చెబితే తలకెక్కదు, అందుకే పసుపులో చెబుతాను. ఎకరానికి ఇరవై క్వింటాళ్ల ఎండు పసుపు వచ్చిందనుకుందాం. క్వింటా 10 వేలనుకుంటే 2 లక్షలు. జూన్‌లో నాటిన దగ్గర నుంచి తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, డ్రమ్ములో పాలిషు పట్టించి, యార్డులో కాంటా పెట్టేదాకా తొమ్మిది పది నెలల పని. విత్తనం, ఎరువులు, కూలీలు పోను అందులో సగం మిగిలినా సంతోషించాల్సిందే. ఇకమీద నేను 2 లక్షలు అన్నప్పుడల్లా ఆ ఎకరం పంటను కళ్లముందు పెట్టుకోండి. నేను చెప్పే ధరలు హైదరాబాదులో బయటి వర్క్‌షాపుల్లో రమారమిగా నడిచేవి. కంపెనీ వర్క్‌షాపుకు పోతే ఇంకా పైకి పోతాయి. బండిని బట్టి, సామాను అసలుదా నకలుదా అన్నదాన్ని బట్టి కొంత మారుతాయి.

గేరుబాక్సుతో మొదలుపెడతాను, ఎందుకంటే పాత లగ్జరీ బండి కొన్నవాళ్లను అన్నిటికన్నా ఎక్కువగా ముంచేది అదే. ఇవి దాదాపు అన్నీ ఆటోమేటిక్ బండ్లు. బీఎండబ్ల్యూలలో చాలావాటిలో ఉండేది జర్మనీకి చెందిన జెడ్‌ఎఫ్ కంపెనీ గేరుబాక్సు. మంచి గట్టి సామాను. కానీ దాని ఆయిలు జీవితాంతం మార్చనక్కర్లేదన్న మాట ఎక్కడో మొదలై ఊరంతా పాకింది. తయారుచేసిన జెడ్‌ఎఫ్ వాళ్లే 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్యలో, లేదా ఎనిమిదేళ్లకోసారి మార్చమంటారు. మొదటి యజమాని మార్చడు, ఎందుకంటే అప్పటికి బండి బాగానే నడుస్తుంది. రెండో యజమాని మార్చడు, ఎందుకంటే ఎలాగూ అమ్మేస్తాడు. మూడోవాడిగా మీ చేతికి వచ్చేసరికి లోపలి ఆయిలు నల్లబడి, గేరు మారినప్పుడల్లా బండి తడబడుతూ ఉంటుంది. ఎనిమిది గేర్ల బాక్సులో అడుగున ఉండే ప్లాస్టిక్ పళ్లెంలోనే ఫిల్టరు కలిసి ఉంటుంది. ఫిల్టరు ఒక్కటే మార్చడం కుదరదు, పళ్లెం మొత్తం మార్చాలి. ఆయిలుతో కలిపి 35 వేల నుంచి 60 వేల దాకా అవుతుంది. ఇది వేళకు చేయిస్తే పెద్ద ఖర్చు తప్పుతుంది. చేయించకపోతే బాక్సు దించి విప్పించాలి, అది రెండు మూడు లక్షల మాట.

ఆ రోజుల ఆడీ ఏ4, ఏ6 బండ్లలో చాలావాటికి మల్టీట్రానిక్ అనే బాక్సు ఉండేది. ఇందులో మామూలు గేర్లు ఉండవు. రెండు కప్పీల మధ్య ఉక్కు గొలుసు తిరుగుతూ వేగాన్ని మారుస్తుంది. తోలితే వెన్నలా పోతుంది. కానీ లోపలి క్లచ్‌లూ, బాక్సును నడిపే కంట్రోల్ యూనిట్టూ వయసు మీద పడగానే మొరాయించడం ఈ బాక్సుకు పేరుపడ్డ జబ్బు. సిగ్నలు దగ్గర ఆగి కదిలేటప్పుడు బండి వణికితే, మీటరులో గేరు అక్షరాలు ఎర్రగా వెలుగుతూ ఆరుతూ ఉంటే అదే సంగతి. ఖర్చు 2 లక్షల నుంచి 4 లక్షలు. ఆడీ కంపెనీ తర్వాత ఈ బాక్సునే వదిలేసింది. మంచి పేరుండి ధర అనుమానం పుట్టేంత తక్కువగా ఉన్న ఆడీ కనబడితే, ముందు దాని బాక్సు ఏదో అడగండి.

స్కోడా సూపర్బ్ పెట్రోలు బండిలో, 1.8 ఇంజినుతో వచ్చినదానిలో, ఏడు గేర్ల డీఎస్‌జీ బాక్సు ఉంటుంది. దాని రెండు క్లచ్‌లూ ఆయిలులో మునగకుండా పొడిగా పనిచేస్తాయి. వాటిని నడిపించే మెకాట్రానిక్ అనే భాగం ప్రపంచమంతా తలనొప్పి తెచ్చింది. 2013 నవంబరులో ఫోక్స్‌వాగన్ ఈ బాక్సులున్న బండ్లను 16 లక్షల దాకా వెనక్కి పిలిపించి, అందులోని సింథటిక్ ఆయిలు తీసి మినరల్ ఆయిలు పోసింది. జాతర రోజున జనం మధ్య అంగుళం అంగుళం జరుపుకుంటూ పోతే పొడి క్లచ్ వేడెక్కి ఇంకా తొందరగా అరుగుతుంది. మెకాట్రానిక్ మార్చాలంటే లక్షన్నర నుంచి రెండున్నర లక్షలు. అదే సూపర్బ్ డీజిలుకు ఆరు గేర్ల బాక్సు, దాని క్లచ్‌లు ఆయిలులో మునిగి ఉంటాయి, ఆయిలు వేళకు మారిస్తే చాలాకాలం నిలుస్తుంది. బయటికి రెండు బండ్లూ ఒకేలా కనబడతాయి, ధర కూడా దగ్గర దగ్గరే. ఈ ఒక్క తేడా తెలియక పెట్రోలుదాన్ని కొని బాధపడేవాళ్లు ఉంటారు.

ఇక ఇంజిన్లు. 2007 తర్వాత కొన్నేళ్లపాటు వచ్చిన బీఎండబ్ల్యూ 320డీ, 520డీలలో ఎన్ 47 అనే డీజిలు ఇంజిను ఉంటుంది. నడపడానికి ఎంతో హాయిగా ఉంటుంది, మైలేజీ కూడా బాగుంటుంది. ఒక్కటే లోపం. టైమింగ్ చైనును ఇంజిను ముందువైపు పెట్టకుండా వెనక, గేరుబాక్సు వైపు పెట్టారు. ఆ చైనూ, దాన్ని బిగించి పట్టుకునే టెన్షనరూ అరిగిపోతే పొద్దున స్టార్టు చేయగానే వెనకనుంచి ఇనుము గీరుకుంటున్న చప్పుడు వస్తుంది. చైను ముందుంటే రెండు రోజుల పని. వెనక ఉంది కాబట్టి బాక్సు దించాలి, ఒక్కోసారి ఇంజినే బయటికి తీయాలి. లక్షన్నర నుంచి 3 లక్షలు. చప్పుడు వినబడినా పట్టించుకోకుండా తోలితే చైను తెగి వాల్వులూ పిస్టన్లూ ఒకదానికొకటి కొట్టుకుంటాయి. అప్పుడు రిపేరు మాట ఉండదు, ఇంజినే మార్చాలి. కొంటున్న బండిలో ఈ చైను మార్చినట్టు బిల్లు చూపిస్తే, ఆ బండికి యాభై వేలు ఎక్కువ పెట్టినా నష్టం లేదని నా అభిప్రాయం.

ఆడీలో, స్కోడాలో 2012కు ముందరి 1.8, 2.0 టర్బో పెట్రోలు ఇంజిన్లకు ఆయిలు తాగే అలవాటు ఉంది. పిస్టన్ రింగులకు ఆయిలు దిగిపోవడానికి చేసిన సన్నని రంధ్రాలు మసితో పూడుకుపోతాయి, ఆయిలు పైకి ఎక్కి కాలిపోతుంది. వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లకు లీటరు ఆయిలు పోస్తూ తిరిగే బండ్లు ఉన్నాయి. పూర్తిగా బాగుచేయాలంటే పిస్టన్లూ రింగులూ మార్చాలి. అది మళ్లీ ఎకరం పైచిలుకు పంట. బెంజ్‌లో 2009 తర్వాత వచ్చిన నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజినుకు తొలి ఏళ్లలో ఇంజెక్టర్లతో చిక్కులు వచ్చాయి. ఇంజెక్టరు ఒక్కోటి 25 వేల నుంచి 50 వేలు, అవి నాలుగు. డీజిలులో నీళ్లు కలిస్తే ఏ కంపెనీ ఇంజెక్టరూ నిలవదు. పొలానికి డబ్బాల్లో తెచ్చిపెట్టుకున్న డీజిలు ట్రాక్టరుకు సరిపోవచ్చు, ఈ బండిలో మాత్రం చుక్క కూడా పోయకండి.

బెంజ్ పెద్ద బండ్లలో మరో ముఖ్యమైన సంగతి గాలి సస్పెన్షను. ఎస్-క్లాస్‌లో, కొన్ని ఈ-క్లాస్‌లలో ఇనుప స్ప్రింగు ఉండదు. రబ్బరు సంచిలో గాలి నింపి దానిమీద బండిని నిలబెడతారు. రోడ్డు మీద గుంత ఉన్నట్టే తెలియదు. కానీ రబ్బరు రబ్బరే. ఎనిమిది పదేళ్లకు పగుళ్లు వచ్చి గాలి కారుతుంది. రాత్రి పెట్టిన బండి తెల్లవారేసరికి ఒక మూలకు ఒరిగి ఉంటే గాలి పోతున్నట్టే. ఒక్క ముందు స్ట్రట్టుకే 70 వేల నుంచి లక్షన్నర. చాలామంది పొద్దున స్టార్టు చేయగానే బండి మళ్లీ లేస్తున్నది కదా అని ఊరుకుంటారు. పోతున్న గాలిని నింపడానికి కంప్రెసరు రోజంతా తిరిగి తిరిగి అదీ కాలిపోతుంది, మరో 40 నుంచి 80 వేలు దానికి తోడవుతాయి. కొందరు విసుగొచ్చి ఇనుప స్ప్రింగులు వేయించేస్తారు. ఖర్చు తగ్గే మాట నిజమే, కానీ మీటరులో హెచ్చరిక లైటు పోదు, తోలేతీరు కూడా మారిపోతుంది. ఆ మెత్తదనం కోసమే కొన్న బండికి అది తీసేయడానికి నాకైతే మనసొప్పదు.

2002 నుంచి 2006 దాకా వచ్చిన ఈ-క్లాస్‌లో బ్రేకు గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను, అది ప్రాణానికి సంబంధించింది. ఎస్‌బీసీ అనే కరెంటు బ్రేకు పద్ధతి అందులో పెట్టారు. మీరు ఎన్నిసార్లు బ్రేకు తొక్కారో దాని పంపు లెక్కపెట్టుకుంటుంది. లెక్క నిండితే హెచ్చరిక చూపించి, సాయం లేని మొద్దు బ్రేకు ఒక్కటే మిగులుస్తుంది. 2004లో బెంజ్ కంపెనీ ఈ పద్ధతి ఉన్న 6 లక్షల 80 వేల బండ్లను వెనక్కి పిలిపించింది. 2006లో ఈ-క్లాస్ నుంచి దాన్నే తీసేసింది. నాలుగు లక్షలకే ఈ-క్లాస్ అని ఎవరైనా పిలిస్తే ఏ సంవత్సరం బండో అడగండి.

ఇవి బండి పుట్టుకతో తెచ్చుకున్న లోపాలు. మన నేలా, మన ఎండా తెచ్చిపెట్టేవి ఇంకొన్ని ఉన్నాయి. వీటి గురించి షోరూములో ఎవరూ చెప్పరు.

నిజామాబాద్ జిల్లా మే నెలలో 45 డిగ్రీల దాకా మాడిపోతుంది. ఈ జర్మన్ బండ్ల కూలింగు వ్యవస్థలో చాలా భాగం ప్లాస్టిక్కే. రేడియేటరు తొట్టి, కూలెంటు డబ్బా, థర్మోస్టాటు గూడు, గొట్టాల కొసలు, అన్నీ పదేళ్ల వేడికి పెళుసెక్కి చిట్లుతాయి. కొన్ని బీఎండబ్ల్యూ పెట్రోలు బండ్లలో నీళ్ల పంపు కూడా బెల్టుతో కాక కరెంటుతో నడుస్తుంది. అది ఆగేముందు చప్పుడు చేయదు, కూలెంటు కారదు, ఒక రోజు ఉన్నట్టుండి ఆగిపోతుంది. వేడి ముల్లు పైకి లేచాక ఇంకో ఐదు కిలోమీటర్లే కదా అని ఆర్మూరు దాకా తోలితే హెడ్డు వంగిపోతుంది. అప్పుడు ఇరవై వేల పని లక్షన్నర అవుతుంది. ముల్లు లేవగానే బండి పక్కకు తీసి ఆపేయండి. ఎంత తొందర పని ఉన్నా ఆపండి.

బండిని ఇంటి ముందరి వేపచెట్టు నీడన పెట్టడం మనకు అలవాటు. ఎండకు మంచిదే. కానీ ఆకులు బానెటు వెనక, అద్దం కింద ఉండే కాలువలో పడి నీళ్లు దిగే రంధ్రాలను మూసేస్తాయి. వాన పడ్డప్పుడు నీళ్లు బయటికి పోక లోపలికి దిగి, తివాచీ కిందికి చేరతాయి. మామూలు కారులో అయితే తివాచీ ఆరబెడితే సరిపోతుంది. ఈ బండ్లలో సీట్ల కిందా, తివాచీల కిందా, డిక్కీలో స్టెప్నీ గుంతలోనూ కంట్రోల్ యూనిట్లు ఉంటాయి. ఒక్క యూనిట్టు తడిసినా 50 వేల నుంచి లక్ష. సన్‌రూఫ్ నీళ్లు దిగే గొట్టాలది కూడా ఇదే కథ. నెలకోసారి ఆ ఆకులు తీసేయడానికి ఐదు నిమిషాలు పడుతుంది, పైసా ఖర్చు లేదు.

ఎలుకల సంగతి మక్కలూ, పసుపూ నిల్వ చేసే ఇళ్లవాళ్లకు నేను చెప్పాలా? గోదాము పక్కన వారం రోజులు కదలకుండా ఉన్న బండి బానెటు కింద ఎలుక గూడు కట్టుకుంటుంది. వైర్లు కొరికితే ఏ వైరు ఎక్కడ తెగిందో వెతకడానికే మెకానిక్కుకు రెండు రోజులు. పసుపు పాలిషు పట్టే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ సన్నని దుమ్ము గాలి ఫిల్టర్లలో నిండిపోతుంది. పుస్తకంలో రాసిన గడువు వరకు ఆగకుండా సీజను అయిపోగానే ఫిల్టర్లు మార్చండి. ఇది రెండు మూడు వేల పని.

బ్యాటరీ ఈ బండ్లలో చాలావాటికి మామూలుది పనికిరాదు. ఏజీఎం రకం కావాలి, 20 నుంచి 35 వేలు, వేశాక చాలావాటిలో కంప్యూటరులో నమోదు చేయించాలి. బీఎండబ్ల్యూలో చాలావాటికి రన్‌ఫ్లాట్ టైర్లు ఉంటాయి, గాలి పోయినా కొంత దూరం పోతాయి. ఒక్కోటి 15 నుంచి 25 వేలు. గాలి పోయినా నడుస్తుందన్న ధీమాతో చాలావాటికి కంపెనీ స్టెప్నీ ఇవ్వదు. గుంతలో పడి టైరు పక్కగోడ ఉబ్బితే మన మండలాల్లో ఎక్కడా ఆ సైజు టైరు దొరకదు. దూరం పోయేవాళ్లు డిక్కీలో చోటు తగ్గినా సరే ఒక స్టెప్నీ వేసుకోవడమే మేలు.

ఇక ఈ బండ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూద్దాం. చాలా బండ్లు ఢిల్లీ నుంచి వస్తాయి. పదేళ్లు దాటిన డీజిలు బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అప్పటినుంచి అక్కడ ధరలు పడిపోయి, దళారులు తక్కువకు కొని దక్షిణానికి తెచ్చి అమ్మడం పెరిగింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు అలాంటి యజమానులపై బలవంతపు చర్యలు వద్దన్నది, ఆ తర్వాత కూడా ఉత్తర్వుల్లో మార్పులు వచ్చాయి. ఢిల్లీ బండి అంటే చెడ్డ బండి అని కాదు. అక్కడి నంబరు బండిని మన దగ్గర నడపాలంటే ఆ ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ కావాలి, ఇక్కడ జీవిత పన్ను కట్టాలి, టీజీ నంబరు తీసుకోవాలి. ఈ ఖర్చంతా దళారి చెప్పే ధరలో ఉండదు.

రెండో దారి వరదలు. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. ప్రతిసారీ వేల బండ్లు నీళ్లలో నిలబడ్డాయి. బీమా కంపెనీలు పూర్తి నష్టంగా లెక్కకట్టి వదిలించుకున్న బండ్లను కొని, కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. నీటిలో మునిగిన లగ్జరీ బండిని ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. దాని తీగల్లో తుప్పు రెండేళ్ల దాకా ఒక్కొక్క చోట బయటపడుతూనే ఉంటుంది. కనిపెట్టడం కష్టం కాదు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. శుభ్రం చేసేవాళ్లు అంతదూరం లాగరు, బురద గీత అక్కడ కనబడుతుంది. సీటు కింద పట్టాల బోల్టులకు తుప్పు చూడండి. స్టెప్నీ గుంతలో వేలు పెట్టి తుడవండి.

మూడోది, రీడింగు వెనక్కి తిప్పిన బండ్లు. 65 వేల కిలోమీటర్లే అని చెప్పిన బండి బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగు మీద తోలు మెరుస్తూ, డ్రైవరు సీటు అంచు చితికి ఉంటే నమ్మకండి. ఛాసిస్ నంబరు తీసుకుని కంపెనీ వర్క్‌షాపులో సర్వీసు చరిత్ర అడగండి. ఎప్పుడెప్పుడు ఎన్ని కిలోమీటర్లకు వచ్చిందో అక్కడ ఉంటుంది. ఆ చరిత్ర చూపడానికి అమ్మేవాడు వెనకాడితే అక్కడితోనే లేచి రండి.

చూడటానికి పోయేముందు ఇంజిను స్టార్టు చేసి పెట్టొద్దని ముందే ఫోనులో చెప్పండి. వెళ్లగానే బానెటు మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారన్న అనుమానం పెట్టుకోండి, ఎందుకంటే చైను చప్పుడు చల్లటి ఇంజినులోనే వినబడుతుంది. స్కానింగు చేయించకుండా బయానా ఇవ్వొద్దు. వంద రకాల బండ్లకూ పనికొచ్చే చిన్న స్కానరు చాలదు. బీఎండబ్ల్యూకు ఇస్టా, బెంజ్‌కు జెంట్రీ, ఆడీ స్కోడాలకు వీసీడీఎస్ లాంటి సాఫ్ట్‌వేరు ఉన్న షెడ్డుకు తీసుకుపోవాలి. నాలుగైదు వేలు తీసుకుంటారు. ఆ స్కానింగులో తప్పుల జాబితా మొత్తం అంతకుముందు రోజే తుడిచేసినట్టు కనబడితే, తప్పులు ఉండటం కన్నా అదే పెద్ద ప్రమాదం. తర్వాత అరగంట తోలండి. ఏసీ పూర్తిగా పెట్టి ట్రాఫిక్‌లో నిలబెట్టండి. రివర్సు నుంచి ముందుకు, ముందు నుంచి రివర్సుకు వేసి కుదుపు ఉందేమో చూడండి.

కొన్నాక రిపేరు ఎక్కడ? దీన్ని మనవాళ్లు ఎక్కువ మరిచిపోతారు. కంపెనీ వర్క్‌షాపు కావాలంటే హైదరాబాదే, మన దగ్గర నుంచి దాదాపు రెండు వందల కిలోమీటర్లు. బండి నడవని స్థితిలో ఆగిపోతే ఫ్లాట్‌బెడ్ లారీ మీద ఎక్కించి పంపాలి, దానికే పది పదిహేను వేలు. ఒకప్పుడు ఈ బాధ ఇంత ఉండేది కాదు. బెంజ్ కంపెనీ 1995లో టాటాలతో కలిసి పుణెలో ఈ-క్లాస్ తయారీ మొదలుపెట్టినప్పటి డీజిలు బండ్లను పనితెలిసిన ఏ డీజిలు మెకానిక్కయినా విప్పి బిగించగలిగేవాడు. ఇప్పటి బండిని కంప్యూటరు లేకుండా ముట్టుకోలేరు. మన ఐటీఐలలో చదివే పిల్లలకు ఈ స్కానింగు పని నేర్పిస్తే భీమ్‌గల్, మోర్తాడ్, కమ్మర్‌పల్లి మండలాలకే చేతినిండా పని దొరుకుతుందని నేను గట్టిగా నమ్ముతాను. దుబాయి షెడ్డుల్లో ఈ బండ్ల మీదే చెయ్యి తిరిగిన మనవాళ్లు తిరిగి వస్తున్నారు కూడా. వాళ్ల చేతిలో ఉన్న పనితనాన్ని ఊరు వాడుకోవాలి.

గల్ఫ్ మాట వచ్చింది కాబట్టి సామాను సంగతి కూడా చెబుతాను. షార్జాలో పాత బండ్ల విడిభాగాల బజారు చాలా పెద్దది. అక్కడున్న తమ్ముడో బావో సెలవులకు వస్తూ సామాను తెస్తానంటాడు. సెన్సర్లు, ఇంజెక్టర్లు, ఏసీ కంప్రెసర్ల లాంటివి నంబరు కలిస్తే పనికొస్తాయి. అక్కడి బండ్లు ఎడమ స్టీరింగువి కాబట్టి స్టీరింగు రాక్, డ్యాష్‌బోర్డు సామాను పనికిరావు. హెడ్‌లైటు బిగుస్తుంది గానీ వెలుగు ఎదుటివాళ్ల కళ్లలోకి కొడుతుంది, రాత్రిపూట రోడ్డు మీద అది ప్రమాదం. కంట్రోల్ యూనిట్లు మరో బండి నంబరుతో ముడిపడి ఉంటాయి, ఊరికే బిగిస్తే పనిచేయవు. బండినే తేవాలనుకునేవాళ్లకు నియమం ఇంకా కఠినం. మన దేశంలోకి పాత కారు తేవాలంటే అది కుడి స్టీరింగుది, మూడేళ్లు దాటనిది అయి ఉండాలి.

కాగితాల గురించి మూడు మాటలు చెబుతాను. ఆర్‌సీ మీద బ్యాంకు అప్పు రాసి ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా డబ్బు ఇవ్వొద్దు. ఓపెన్ కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని పాత యజమాని పేరు మీదే తిరగడం మానుకోండి. ప్రమాదం జరిగితే ఆర్‌సీలో ఎవరి పేరుందో వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి బండి అమ్మేసిన మనవాళ్లు కూడా పేరు మారిందో లేదో చూసుకోవాలి. బీమా 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోకపోతే మీ బండికి జరిగిన నష్టానికి కంపెనీ పైసా ఇవ్వకపోవచ్చు. 2012 బండి కొంటున్నవాళ్లు మరొకటి గుర్తుపెట్టుకోండి. దాని రిజిస్ట్రేషను 15 ఏళ్లకు, అంటే 2027లో తీరిపోతుంది. మళ్లీ చేయించుకునే ఫీజు 2022 ఏప్రిల్‌లోనే 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది, ఫిట్‌నెసు పరీక్ష వేరే.

ఏ బండి కొనమంటారని అడిగితే నా జవాబు చాలామందికి రుచించదు. పెద్ద సెడాన్ హుందాతనం కావాలి, ఖర్చు భయం వద్దు అంటే 2.4 పెట్రోలు టొయోటా క్యామ్రీ, అదే సైజు హోండా అకార్డ్ చూడమంటాను. సామాను చవకేమీ కాదు, కానీ ఆ బండ్లు మాటిమాటికీ అడగవు. ముక్కు మీద నక్షత్రమే కావాలి అనుకుంటే, గాలి సస్పెన్షను లేని ఈ-క్లాస్ డీజిలు, సర్వీసు చరిత్ర ఉన్నది, ఒకే యజమాని తోలినది వెతకండి, దొరికేదాకా ఆరు నెలలైనా ఆగండి. చేతిలో పది లక్షలుంటే ఏడు లక్షల బండే చూడండి. మిగిలిన మూడు లక్షలను కూతురి పెళ్లికో బోరుకో వాడకుండా విడిగా పెట్టండి. మొదటి నెలలోనే అందులోంచి గేరుబాక్సు ఆయిలు, కూలెంటు గొట్టాలు, బ్యాటరీ, నాలుగు టైర్లు చూసుకోండి. మిగిలింది బ్యాంకులోనే ఉండనివ్వండి, అది ఆ బండి పైసలే.